అశ్వశక్తి ఎవరి లెక్క?

భిలాయి ఉక్కునగరంలో ‘రేటెడ్ కెపాసిటీ’ అన్న మాటకు ఎవరూ అర్థం అడగరు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాటి నుంచి ఆ ఊరి జీవనం ఒక అంకె చుట్టూ తిరుగుతూ వచ్చింది. మొదట ఏటా 10 లక్షల టన్నులు, ఆ తరువాత 25 లక్షలు, ఆపైన 40 లక్షలు. బతుకుతెరువు కోసం అక్కడికి తరలివెళ్ళి మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, తండ్రి షిఫ్టు ముగించి ఇంటికి వచ్చి చెప్పే కబురు సైతం ఆ అంకెకు ఎంత శాతం అన్న రూపంలోనే ఉండేది. 2000 దశకం ద్వితీయార్ధంలో సుమారు 40 లక్షల టన్నుల సామర్థ్యం గల కర్మాగారం 50 లక్షల టన్నుల ముడి ఉక్కును తీసింది. వందకు నూట పాతిక! లెక్కల పాఠం చదివే పిల్లవాడికి ఇది వింతగా తోస్తుంది. కర్మాగారంలో పనిచేసినవారికి తోచదు. రేటింగు అనేది యంత్రం చేయగల పని కాదనీ, చేయగలదని ఒకనాడు కాగితం మీద ఒప్పుకున్న పని మాత్రమేననీ వారికి తెలుసు. ఒప్పుకున్నదానికీ చేయగలదానికీ నడుమ ఉన్న ఖాళీలో కార్మికుడి శ్రమ ఉంటుంది, ఇంజనీరు నేర్పు ఉంటుంది, అంకె రాసినవాడి జాగ్రత్త కూడా ఉంటుంది.

ఆ ఖాళీయే ఒక క్రీడకు ప్రాణంగానూ వ్యాధిగానూ తయారైన ఉదంతం డ్రాగ్ రేసింగ్. ఇందులో మలుపులు లేవు, ఎత్తుపల్లాలు లేవు. రెండు వాహనాలు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే కదులుతాయి. పావు మైలు, అంటే 402 మీటర్లు దాటగానే పందెం ముగుస్తుంది. పది పదిహేను సెకన్ల వ్యవహారం. రాజకీయ సభలో అధ్యక్షుడు వేదిక మీది పెద్దల పేర్లు చదివేలోగా ఇలాంటివి ఇరవై జరిగిపోతాయి. క్రీడ ఇంత సరళమైనది కనుకనే నియమావళి అంత జటిలమైనది. బలమైన యంత్రం బలహీనమైన యంత్రాన్ని ఓడించడంలో చూడవలసిందేమీ లేదు. కాబట్టి సమానులను సమానులతో నిలబెట్టాలి. సమానులెవరో తేల్చడానికి వర్గాలు కావాలి. వర్గాలకు ఒక కొలత కావాలి. ఆ కొలతను ఎవరు రాయాలి? ఔత్సాహిక రేసింగ్‌లో డెబ్బై ఏళ్ళుగా నడుస్తున్న తగవంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది. తెలుగులో క్లాసు అన్న మాటకు వర్గమని పేరు పెట్టిన మహానుభావుడెవరోగాని, రేసు మైదానాన్ని చూడకుండానే సరైన పేరు పెట్టాడు.

అశ్వశక్తి అనే కొలత పుట్టుకలోనే వ్యాపారం ఉంది. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాన్ని అమ్ముకోవలసి వచ్చినప్పుడు, కొనేవాడికి అప్పటికే గుర్రాలు ఉన్నాయి. ఈ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు అని అతడు అడుగుతాడు. నిమిషానికి 33,000 అడుగు-పౌండ్ల పని ఒక గుర్రానికి సమానమని వాట్ లెక్క కట్టాడు. నేటి మాటల్లో సుమారు 746 వాట్లు. రోజంతా తిరిగే మిల్లు గుర్రానికి ఈ అంకె ఎక్కువే; కొద్ది క్షణాల పాటు సర్వశక్తులూ ఒడ్డే గుర్రం మాత్రం దీనికి పది రెట్లకు మించి చూపగలదు. అంటే గుర్రం కూడా తన రేటింగుకు కట్టుబడి లేదు. ఆ తరువాత ఐరోపావారు మెట్రిక్ పద్ధతిలో మరో గుర్రాన్ని సృష్టించారు. అది 735.5 వాట్లది, కొంచెం బక్కది. భారతదేశపు బైకు ప్రకటనల్లో ఒకచోట ‘పీఎస్’ అనీ మరొకచోట ‘బీహెచ్‌పీ’ అనీ కనిపించేది ఈ రెండు గుర్రాల భేదమే. వంద పీఎస్ అంటే 98.6 బీహెచ్‌పీ. ప్రకటనలో ఏ గుర్రం నిలబడుతుందో చెప్పడానికి జోస్యం అక్కరలేదు.

ఈ అంకెను పందెపు వర్గాలకు పునాదిగా వాడిన దేశం అమెరికా. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్, సాధారణ పౌరుడు షోరూములో కొన్న కారుతోనే పోటీ చేయగల ‘స్టాక్’ వర్గాలను నడిపింది. సూత్రం చక్కనిది. కారు బరువును దాని అశ్వశక్తితో భాగించాలి. ఒక్కో గుర్రానికి ఎన్ని పౌండ్ల బరువు పడుతుందో దాన్ని బట్టి వర్గం నిర్ణయించాలి. ప్రజాస్వామికమైన సూత్రమే, సందేహం లేదు. కానీ హారంలో ఉన్న అశ్వశక్తిని కారు తయారుచేసిన కంపెనీయే ప్రకటిస్తుంది. ఎక్కువని ప్రకటిస్తే అమ్మకం పెరుగుతుంది. తక్కువని ప్రకటిస్తే బీమా కిస్తీ తగ్గుతుంది, పందెంలో తేలికైన వర్గం దొరుకుతుంది. 1960ల మధ్యకు వచ్చేసరికి డెట్రాయిట్ కంపెనీలకు రెండో దారి లాభసాటిగా కనిపించింది.

1967లో షెవర్లే కమారో జడ్/28 వచ్చింది. ఇంజను పరిమాణం 302 ఘనపుటంగుళాలు, కాగితం మీద 290 అశ్వశక్తి. దాన్ని నడిపినవారెవరూ ఆ అంకెను నమ్మలేదు. 1968 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పోటీకి ఫోర్డు కంపెనీ 428 కోబ్రా జెట్ ఇంజను అమర్చిన ముస్టాంగ్‌లను దింపింది. ప్రకటించిన శక్తి 335. అసలు శక్తి 400కు అటూ ఇటూ ఉంటుందని తరువాతి కాలంలో విస్తృతంగా అంచనా వేశారు. సూపర్ స్టాక్ కిరీటం ఆ ముస్టాంగ్‌లలో ఒకటే గెలుచుకుంది. నిబంధన ఏదీ ఉల్లంఘన కాలేదు. కంపెనీ చెప్పిన అంకె, సంఘం ఒప్పుకున్న వర్గం, డ్రైవరు నడిపిన కారు అన్నీ సక్రమమే. ఓడిపోయింది మాత్రం పక్క వరుసలో సొంత డబ్బుతో, నిజమైన అంకెతో వచ్చినవాడు.

సంఘం చేసిన పని గమనించదగినది. కంపెనీ అంకెను అది తీసిపారేయలేదు. దాని పక్కనే తన అంకెను రాసుకుంది. దీనికి ‘ఫ్యాక్టర్డ్ హార్స్‌పవర్’ అని పేరు. ఏ నమూనా కారు ఎంత వేగంగా పరుగెడుతున్నదో చూసి, అనుకున్నదానికంటే వేగంగా పోతుంటే దాని ఖాతాలో కొన్ని గుర్రాలు కలుపుతారు. మూతి మీది మాటను వదిలి కాలి పరుగును నమ్మడమన్నమాట. ఈలోగా 1972 నమూనాల నుంచి అమెరికా కంపెనీలు ‘గ్రాస్’ లెక్క మాని ‘నెట్’ లెక్కకు మారాయి. అంతకుముందు ఇంజనును ఒంటరిగా బల్ల మీద నిలబెట్టి కొలిచేవారు. ఇప్పుడు ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు, ఆల్టర్నేటరు వంటి బరువులన్నీ తగిలించి కొలిచారు. ఒక్క ఏడాదిలో దేశమంతటా గుర్రాలు చచ్చిపోయినట్టు కనిపించింది. కాలుష్య నియంత్రణ కోసం ఇంజన్లలో చేసిన మార్పుల వల్ల కొంత నిజంగానే తగ్గింది, కొంత లెక్క మారినందువల్ల తగ్గింది. స్థూల జాతీయోత్పత్తి ఆధార సంవత్సరాన్ని మార్చినప్పుడు జరిగే వాదనలు గుర్తున్నవారికి ఇది కొత్త కథ కాదు.

భారతదేశంలో ఈ క్రీడ అశ్వశక్తి జోలికి పోలేదు. ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలో జరిగే జాతీయ డ్రాగ్ పోటీలలో ద్విచక్ర వాహనాల వర్గాలు ఇంజను ఘనపరిమాణాన్ని బట్టి, అది టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అన్నదాన్ని బట్టి ఏర్పడ్డాయి. చిన్న బైకులకు 165 సీసీ వంటి గీతలు, పెద్దవాటికి 851 నుంచి 1050, 1051 ఆపైన వంటి గీతలు. దీనిలో ఒక నిజాయితీ ఉంది. సీసీని అబద్ధం చెప్పడం కష్టం. ఇంజను విప్పితే సిలిండరు వ్యాసం, పిస్టన్ కదిలే దూరం రెండూ కొలబద్దకు దొరుకుతాయి. కంపెనీ కరపత్రం అవసరం లేదు, ఎవరి దయా అవసరం లేదు.

అయితే పాత్ర పరిమాణం చెబితే అందులో ఏముందో చెప్పినట్టు కాదు. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 20 అశ్వశక్తి ఇస్తుంది. 373 సీసీతో వచ్చిన కేటీఎం 390 డ్యూక్ 43 ఇచ్చింది. అదే రాయల్ ఎన్‌ఫీల్డ్‌వారి 648 సీసీ ఇంటర్‌సెప్టర్ 47. పాతిక సీసీల తేడాలో శక్తి రెట్టింపయింది. 275 సీసీల తేడాలో నాలుగు గుర్రాలే పెరిగాయి. 165 సీసీ లోపలి వర్గంలో 14 పీఎస్ పల్సర్ 150, 18 పీఎస్ దాటిన యమహా ఆర్15 పక్కపక్కన నిలబడవచ్చు. మొదటిది మధ్యతరగతి కుటుంబంలో తండ్రి ఆఫీసుకు పోయే బండి. రెండోది దానికంటే ఖరీదైనది, పుట్టుకతోనే రేసుకు తయారైనది. సీసీ గీత ఆ ఇద్దరినీ సమానులని ప్రకటిస్తుంది.

ఈ విషయంలో రాజ్‌దూత్ 350 కంటే మంచి సాక్షి లేదు. 1983లో యమహా ఆర్‌డీ350 భారతీయ రూపంగా వచ్చిన ఈ బైకును ఎస్కార్ట్స్ కంపెనీ రెండు రకాలుగా చేసింది. హై టార్క్ అని పిలిచేది 30.5 అశ్వశక్తి, లో టార్క్ అని పిలిచేది 27. జపానులో దీని మూల రూపం 39. పేరు ఒకటే, సీసీ ఒకటే, టూ స్ట్రోకు గొంతు ఒకటే. పాత బైకుల పందేలలో ఈ రెంటినీ ఒకే వరుసలో నిలబెడితే, లో టార్క్ కొన్న కుర్రవాడు పందెం మొదలుకాకముందే పదో వంతు ఓడిపోయి ఉంటాడు. అతడు దాన్ని ఎంచుకోవడానికి కారణం పెట్రోలు ధరో, సెకండ్ హ్యాండు బజారులో దొరికిందదే కావడమో అయి ఉంటుంది. నియమావళికి ఆ సంగతి తెలియదు.

గీత గీసినచోటికి జనం వచ్చి చేరడం రేసులకే పరిమితం కాదు. 1921 నుంచి 1947 వరకు బ్రిటన్‌లో కార్ల పన్ను అశ్వశక్తిని బట్టి వసూలైంది. అయితే ఆ శక్తిని యంత్రం మీద కొలవలేదు. సిలిండర్ల వ్యాసం, సంఖ్య మాత్రమే ఉన్న సూత్రంతో లెక్కకట్టారు. పిస్టన్ ఎంత దూరం కదిలినా పన్ను లేదు. ఫలితంగా ఒక తరం బ్రిటిష్ ఇంజన్లు సన్నగా పొడుగ్గా, వెదురు బొంగుల మాదిరిగా తయారయ్యాయి. భారతదేశంలో 2006 బడ్జెట్ నాలుగు మీటర్ల పొడవు, 1200 సీసీ పెట్రోలు, 1500 సీసీ డీజిలు అనే గీతల లోపలి కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించింది. 2012లో మారుతీ డిజైర్ తన తోక కత్తిరించుకుని ఆ నాలుగు మీటర్లలో ఇమిడింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ద్విచక్ర వాహనాలకు 18 శాతం జీఎస్టీ, ఆపైన 40 శాతం. 349 సీసీ బండి గీతకు ఇవతల ఉంది. ఆర్థిక మంత్రిత్వ శాఖ కూడా ఒకరకంగా రేసు నిర్వాహక సంఘమే. దాని నియమావళిని చదవడానికి కంపెనీలకు మంచి మెకానిక్కులతోపాటు మంచి న్యాయవాదులు కూడా ఉన్నారు.

ఇంతకీ తప్పుడు అంకె వల్ల జరిగే నష్టం ఎంత? డ్రాగ్ రేసర్లు చాలాకాలంగా వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది. పావు మైలుకు పట్టే సమయం, బరువును శక్తితో భాగించగా వచ్చినదాని ఘనమూలాన్ని అనుసరించి మారుతుంది. ఘనమూలం కనుక తేడా తగ్గిపోతుంది, కాని మాయమైపోదు. శక్తిని పది శాతం తక్కువగా ప్రకటించిన బండికి 15 సెకన్ల పందెంలో దాదాపు అర సెకను కలిసివస్తుంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో గీత దాటే బండికి అర సెకనంటే 18 మీటర్లు. గెలుపు ఓటములు తరచుగా ఒక చక్రం వాసిలో తేలే ఆటలో 18 మీటర్లంటే నాలుగు కార్ల పొడవు.

బైకుల పందెంలో ఇంకో బరువు ఉంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అది నడిపేవాడి బరువు. 140 కిలోల బైకు మీద 60 కిలోల కుర్రవాడు, 90 కిలోల కుర్రవాడు ఎక్కితే మొత్తం 200, 230. పదిహేను శాతం తేడా. అదే సూత్రం ప్రకారం 0.7 సెకను. ఇంజను మీద వేలకు వేలు ఖర్చుపెట్టి సంపాదించే లాభాన్ని ఒకడు పూట భోజనం మానేసి సంపాదిస్తాడు. గుర్రపు పందేలలో జాకీని, కాఠీని కలిపి తూచి, తక్కువైతే సీసపు పలకలు కట్టే ఆచారం శతాబ్దాల నాటిది. ఎంతో ఆధునికమని చెప్పుకునే మోటారు క్రీడ కొన్ని విషయాలలో రేసుకోర్సు గుర్రం కంటే వెనుకబడి ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

వాతావరణం సంగతి వేరే చెప్పాలి. ఇంజను శక్తిని 25 డిగ్రీల ఉష్ణోగ్రతను ఆధారం చేసుకుని ప్రకటిస్తారు. భిలాయిలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు సాధారణం. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఇరవై డిగ్రీల తేడాకు గాలి సాంద్రత సుమారు ఆరు శాతం తగ్గుతుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున ఉంది కనుక మరో మూడు శాతానికి పైగా పోతుంది. రెండూ కలిసి ఇంచుమించు పదో వంతు. మామూలు ఇంజను ఈ నష్టాన్ని నోరుమూసుకుని భరిస్తుంది. టర్బో ఉన్న ఇంజను గాలిని తానే కుక్కుకుంటుంది కనుక చాలావరకు పూడ్చుకుంటుంది. షోరూములో వంద గుర్రాలని చెప్పిన రెండు కార్లు విశాఖపట్నంలో జనవరి ఉదయం సమానులు కావచ్చు. భిలాయిలో మే నెలలో కావు. సమానత్వానికి ఉష్ణోగ్రత కూడా ఉంటుందన్నది ఉక్కునగరపు మనిషికి కొలిమి పక్కన నిలబడ్డప్పుడే తెలిసిన విషయం.

మరి కాలి పరుగునే నమ్మితే సరిపోతుందా? అమెరికా సంఘం ఆ దారినే పోయింది. ప్రతి వర్గానికి ఇంత సమయంలో పరుగెత్తాలని ఒక ప్రమాణం. దానికంటే మరీ వేగంగా పోయిన నమూనాకు తదుపరి సమీక్షలో గుర్రాలు కలుస్తాయి. కాగితం మీద లోపం లేదు. మైదానంలో జరిగింది ఏమిటంటే, గెలుపు ఖాయమైన డ్రైవరు గీతకు కొద్ది గజాల ముందు బ్రేకు నొక్కడం నేర్చుకున్నాడు. తన అసలు వేగం సంఘానికి తెలియకూడదు. దీన్ని అక్కడ ఇసుకమూటలు కట్టుకోవడం అంటారు. వేగానికి పుట్టిన ఆటలో నెమ్మదితనం ఒక విద్యగా వర్ధిల్లింది. ఒక నమూనా మీద గుర్రాలు కలిపితే ఆ శిక్ష అదే నమూనా నడిపే అందరికీ పడుతుంది. దేశానికి ఒక మూల పెద్ద జట్టు చూపిన వేగానికి, మరో మూల తన పాకలో స్వయంగా ఇంజను కట్టుకున్నవాడు జరిమానా కడతాడు. పన్నుల చరిత్ర చదివినవారికి ఇది పరిచితమైన బాధే.

‘బ్రాకెట్ రేసింగ్’ అనే మూడో దారి ఇంకా విచిత్రమైనది. ఎవరి సమయాన్ని వారే ముందుగా ప్రకటించాలి. నెమ్మది బండికి ఆ తేడా మేరకు ముందు పచ్చదీపం వెలుగుతుంది. ప్రకటించిన సమయం కంటే వేగంగా పోతే ఓటమి. ఇక్కడ పాత స్కూటరు కూడా కోటి రూపాయల కారును ఓడించగలదు. పేదవాడి జేబుకు ఇంతకంటే దయగల నియమం లేదు. కంపెనీ అంకె, సీసీ, నడిపేవాడి బరువు ఏదీ అక్కరలేదు. ఔత్సాహిక క్రీడకు ఇదే తగిన ద్వారమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. అయినా బండిని బాగుచేసుకుని వేగం పెంచుకున్నవాడికి ఇందులో బహుమతి లేదన్నది కూడా నిజం. నిలకడకు పట్టం కట్టే ఆట ఇది, నిన్నటి కంటే నేడు ముందుకు పోవడానికి కాదు. కుర్రవాళ్ళు దీన్ని ముసలివాళ్ళ ఆట అని ఎగతాళి చేయడంలో కొంత న్యాయముంది.

స్వయంగా ప్రకటించిన అంకెతో వర్గం నిర్ణయించే పద్ధతి ఎన్నికల వ్యవహారం తెలిసిన పాఠకులకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది. పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. లెక్కలు సమర్పించినవారిలో పరిమితి దాటామని రాసేవారు కానరారు. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షను కింద పార్టీ తన కార్యక్రమ ప్రచారానికి, అగ్రనాయకుల ప్రయాణానికి పెట్టే ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. కారు శక్తికి పరిమితి ఉంది, కారును తోసే లారీకి లేదన్నమాట. అమెరికాలోని చిన్న మట్టి ట్రాకులు ఇటువంటి రోగానికి ఒక మొరటు మందు కనిపెట్టాయి. గెలిచినవాడి ఇంజనును నియమావళిలో రాసిన ధరకు ఓడినవాడు కొనుక్కోవచ్చు. అమ్మనంటే గెలుపు పోతుంది. చవక ఇంజనని చెప్పి లక్షలు పోసినవాడికి అంతకంటే శిక్ష లేదు. భూమి విలువను యజమానే చెప్పుకోవాలి, ఆ ధరకే ప్రభుత్వం కొనవచ్చునని సన్ యట్ సెన్ ప్రతిపాదించినప్పుడు ఆయన మనసులో ఉన్నది కూడా ఇదే. ఎన్నికల అఫిడవిట్‌లకు ఈ నియమం వర్తింపజేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవడం ఆదివారపు వినోదం.

తెలుగు నేల మీద ఇదే తగవును మోటారు పుట్టకముందు నుంచీ తీరుస్తున్నవారు ఉన్నారు. సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి తిరునాళ్ళకు గుంటూరు, ప్రకాశం, కృష్ణా ప్రాంతాలలో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలను బలప్రదర్శన అనే పిలుస్తారు. నిర్ణీత సమయంలో ఒక జత ఎంత దూరం బండను లాగిందో అడుగుల్లో, అంగుళాల్లో కొలుస్తారు. వర్గాలు పళ్ళను బట్టి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్స్. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఒంగోలు గిత్తకు రెండేళ్ళు దాటాక మొదటి జత పాలపళ్ళు ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. నాలుగైదేళ్ళకు ఎనిమిదీ పూర్తవుతాయి. యజమాని ఎంత పెద్దమనిషి అయినా, బహుమతి ఇచ్చేది ఆయన బావమరిదే అయినా, పందెపు బరిలో పదిమంది ముందు ఎద్దు నోరు తెరిచి చూస్తారు. అమ్మేవాడి మాటకు చెల్లుబాటు లేదు. సంతలో నేర్చుకున్న అపనమ్మకమే ఇక్కడ నియమావళి.

ఈ పద్ధతిలోనూ లోపం ఉంది. పళ్ళు వయసును చెబుతాయిగాని బలాన్ని చెప్పవు. మేపు బాగా ఉన్న మోతుబరి ఎద్దు, చిన్న రైతు ఎద్దు ఒకే పళ్ళతో ఒకే బరిలో దిగుతాయి. పళ్ళు కాస్త ఆలస్యంగా ఊడే గిత్త యజమాని పాలిట అదృష్టమవుతుంది. ఎద్దుకు ఈ పోటీ ఇష్టమా అన్న ప్రశ్న వేరు. 2014 మే 7న జల్లికట్టు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ ప్రశ్నకు ఒక సమాధానం చెప్పింది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక సవరణలను సమర్థిస్తూ 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు మరో సమాధానం చెప్పింది. ఇంజనుకు ఆ బాధ లేదు. అయితే కొలతను ఉత్పత్తిదారుడి చేతిలోంచి తీసి, బరిలో నిలబడ్డ జనం కళ్ళ ముందు పెట్టడంలో పల్నాటి రైతు డెట్రాయిట్ నిపుణుల కంటే ముందున్నాడు. భారత క్రికెట్ బోర్డు కూడా పదహారేళ్ళ లోపు కుర్రవాళ్ళ పుట్టినతేదీ పత్రాలను పక్కన పెట్టి మణికట్టు ఎముకకు ఎక్స్‌రే తీయించడం మొదలుపెట్టింది. అదీ ఎద్దు పళ్ళు చూడడమే.

భిలాయిలో వర్గం అన్న మాట తేలికగా పలికేది కాదు. ఆ కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజ్‌హరా గనుల్లో ఒకే కొండను తవ్వే ఇద్దరిలో ఒకడు పర్మనెంటు, మరొకడు కాంట్రాక్టు. పని ఒకటే, రేటింగు వేరు. 1977 నుంచి ఆ కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబర్ 28న భిలాయిలో, నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. గీతను ఎవరు గీశారు, ఎవరిని అడిగి గీశారు అన్న ప్రశ్నకు ఆ ఊళ్ళో ఎంత ధర పలికిందో తెలిసినవారు బైకు పందెపు నియమావళిని కూడా అల్పవిషయంగా కొట్టిపారేయరు.

ఆ నియమావళి అవసరం అక్కడ లేకపోలేదు. సెంట్రల్ అవెన్యూ, ఫారెస్ట్ అవెన్యూ వంటి వెడల్పైన తిన్నని రోడ్లను ప్రణాళిక వేసి నిర్మించిన ఊరు అది. అటువంటి రోడ్లు ఉన్న ఏ ఊళ్ళోనైనా రాత్రి పొద్దుపోయాక కుర్రవాళ్ళకు ఏం తోస్తుందో హైదరాబాదు రాయదుర్గం పోలీసులను, విశాఖ బీచ్ రోడ్డు పోలీసులను అడిగితే చెబుతారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం రోడ్డు మీద పందెం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది, పదివేలు. అదే సెక్షనులో, రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా అన్న మాట కూడా ఉంది. శిక్షించే సగాన్ని ప్రభుత్వాలు కంఠస్థం చేశాయి. అనుమతించే సగాన్ని చదివినట్టు కనిపించదు.

ఊరికి కొద్ది దూరంలో నందిని వద్ద ఒక విమానపు రన్‌వే ఉంది. భారతదేశంలో డ్రాగ్ పోటీలు ఇటువంటి రన్‌వేల మీదనే కొంతవరకు బతికాయి. 2013 నుంచి మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీలో వ్యాలీ రన్ నడిచింది ఒక ప్రైవేటు రన్‌వే మీదే. పందెం నాడు అంబులెన్సు, ఫెన్సింగు, బీమా, ఫెడరేషన్ అనుమతి కావాలి. ఇవి డబ్బుతో అయ్యే పనులు. వర్గాల పట్టిక డబ్బుతో అయ్యేది కాదు. దానికి ఒక తూకపు యంత్రం కావాలి, బండితోపాటు మనిషినీ కలిపి తూచడానికి. ఫిర్యాదు వస్తే గెలిచిన ఇంజను విప్పి సిలిండరు వ్యాసం కొలిచే మైక్రోమీటరు కావాలి. ఫిర్యాదు చేసినవాడు డిపాజిట్టు కట్టాలి, ఆరోపణ నిజమైతే అది తిరిగి రావాలి. కొత్తగా వచ్చినవాడికి సొంత సమయం ప్రకటించుకునే బ్రాకెట్ వరుస, ముదిరినవాడికి బరువు, శక్తి లెక్కించే వరుస, రెండూ ఉండాలి. గుర్రాలు కలిపినా తీసినా ఏ పరుగుల ఆధారంగానో కారణం రాసి అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. అంకె మార్చే సంఘంలో బండ్లు అమ్మే డీలరు సభ్యుడై ఉండకూడదు.

రైలు పట్టాలను పొడవునా అల్ట్రాసౌండుతో పరీక్షించి, వెంట్రుకవాసి పగులు కనబడినా పక్కన పడేసే పని ఆ ఊరి కర్మాగారంలో రోజూ జరుగుతుంది. కొలవడం తెలిసిన రిటైరైన ఫిట్టర్లు, మెషినిస్టులు సెక్టార్లలో ఇంటికొకరు దొరుకుతారు. వారిని స్క్రూటినీ బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఒక దరఖాస్తు, దానిమీద రాయ్‌పూర్‌లో ఒక సంతకం కావాలి.